దత్తాంశానికి తగిన చిత్రం

అంకెలను వరుసగా పేర్చినంత మాత్రాన వాటి భావం బోధపడదు. పట్టికలో దాగి ఉన్న హెచ్చుతగ్గులను ఒక్క చూపులో గ్రహించే వీలు కల్పించేది రేఖాచిత్రం. అర్థశాస్త్రం, వాణిజ్యశాస్త్రం, భూగోళశాస్త్రం, జీవశాస్త్రం వీటిలో ఏది చదివే విద్యార్థికైనా దీనితో పని పడుతుంది. అయితే రేఖాచిత్రం గీయడం నేర్పినంత శ్రద్ధగా, ఏ దత్తాంశానికి ఏ చిత్రం తగునో మన తరగతులలో నేర్పడం అరుదు. “కింది వివరాలకు కమ్మీ చిత్రం గీయండి” అని ప్రశ్నలోనే చెప్పివేస్తే విద్యార్థికి ఎంచుకొనే అవసరమే కలగదు. కంప్యూటరు వచ్చిన తరువాత ఈ లోపం మరింత ప్రస్ఫుటమైంది. మీట నొక్కగానే పది రకాల చిత్రాలు తెరపై ప్రత్యక్షమవుతాయి. వాటిలో రంగులు ఎక్కువగా ఉన్నదానికే సాధారణంగా పట్టం కడతాం.

ఈ చిత్రాలు ఎలా పుట్టాయో పరిశీలిస్తే వాటి ప్రయోజనం తేటపడుతుంది. స్కాట్లండుకు చెందిన విలియం ప్లేఫేర్ 1786లో ఇంగ్లండు వాణిజ్యాన్ని గురించి ఒక గ్రంథం ప్రచురించాడు. ఎగుమతులు, దిగుమతులు ఏళ్ల తరబడి ఎలా మారుతూ వచ్చాయో అందులో గీతల ద్వారా చూపాడు. స్కాట్లండు వ్యాపారం దగ్గరికి వచ్చేసరికి ఆయనకు ఒక్క సంవత్సరపు లెక్కలే లభించాయి. ఒక్క ఏటి వివరాలతో గీత ఎలా సాగుతుంది? అందువల్ల ఒక్కొక్క దేశానికి విడివిడిగా కమ్మీలు గీసి, ఏ దేశంతో ఎంత వ్యాపారం జరిగిందో పోల్చి చూపాడు. కాలక్రమాన్ని చూపలేదన్న కారణంతో ఆ చిత్రాన్ని ఆయనే తక్కువగా ఎంచడం విశేషం. తిరిగి 1801లో, టర్కీ సామ్రాజ్యం ఆసియా, ఐరోపా, ఆఫ్రికా ఖండాలలో ఏ మేరకు విస్తరించి ఉన్నదో తెలపడానికి వృత్తాన్ని భాగాలుగా విభజించాడు. కాలగతికి గీత, పోలికకు కమ్మీ, మొత్తంలో వాటాకు వృత్తం అనే విభజన ఈ విధంగా ఏర్పడింది. ప్రతి సందర్భంలోనూ ఆయన చేతిలో ఉన్న లెక్కలే చిత్రాన్ని నిర్ణయించాయి.

మనకు పరిచయమైన ఒక ఉదాహరణ తీసుకుందాం. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పురుషుల అక్షరాస్యత సుమారు 75 శాతం, స్త్రీల అక్షరాస్యత సుమారు 59 శాతం. శాతం అన్న మాట కనబడగానే వృత్తచిత్రానికి పూనుకోవడం విద్యార్థులలో తరచుగా కనిపించే పొరపాటు. ఈ రెండు అంకెలను కూడితే 134 వస్తుంది. నూటిని మించిన ఆ మొత్తానికి ఏ అర్థమూ లేదు. మొదటిది పురుషులలో లెక్కించిన శాతం, రెండవది స్త్రీలలో లెక్కించిన శాతం. ఇవి ఒకే మొత్తానికి వాటాలు కావు కనుక వీటిని ఒకే వృత్తంలో ఇమడ్చరాదు. స్త్రీలలో చదువు వచ్చినవారు 59, రానివారు 41 అని చూపదలిస్తే మాత్రం వృత్తం చక్కగా సరిపోతుంది.

పురుషులను, స్త్రీలను పోల్చడానికి రెండు కమ్మీలు చాలు. కాని ఇక్కడ మరొక ప్రమాదం పొంచి ఉంది. స్థలం కలిసివస్తుందని నిలువు అక్షాన్ని 50 దగ్గర మొదలుపెడితే ఒక కమ్మీ ఎత్తు 25, రెండవదాని ఎత్తు 9 అవుతుంది. చూసేవారికి ఒకటి మరొకదానికి దాదాపు మూడు రెట్లుగా తోస్తుంది. స్త్రీల చదువు వెనుకబడి ఉన్నదన్నది వాస్తవమే. ఆ వాస్తవాన్ని చెప్పడానికి కొలతను వక్రీకరించవలసిన అవసరం లేదు. కమ్మీ చిత్రంలో మన కన్ను పోల్చేది నిడివిని. అందుచేత దాని అడుగు సున్న దగ్గరే ఉండాలి.

ఇక దేశవ్యాప్తంగా అక్షరాస్యత ఎలా పెరిగిందో చూద్దాం. 1951లో 18 శాతం, 1961లో 28, 1971లో 34, 1981లో 44, 1991లో 52, 2001లో 65, 2011లో 73 శాతంగా నమోదైంది. ఏడు కమ్మీలు గీసినా తప్పు లేదు గాని, పెరుగుదల వేగం ఎప్పుడు హెచ్చిందో, ఎప్పుడు తగ్గిందో గీత వాలును బట్టి వెంటనే తెలుస్తుంది. 1961-71 మధ్య గీత మందగించడం, 1991-2001 మధ్య నిటారుగా పైకి లేవడం కమ్మీల వరుసలో అంత సులభంగా కనబడవు. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది. తరువాతి లెక్క ఏ సంవత్సరంలో తేలితే ఆ సంవత్సరానికి తగినంత దూరం విడిచి దాని చుక్కను ఉంచాలి. పక్క గడిలోనే పెట్టేస్తే లేని వేగం ఉన్నట్లు కనబడుతుంది.

సోపాన చిత్రం చూడడానికి కమ్మీ చిత్రంలా ఉన్నా దాని పని వేరు. ఒక తరగతిలో 0-10, 10-20 మార్కుల అంతరాలలో ఎందరెందరు విద్యార్థులు ఉన్నారో అది తెలుపుతుంది. అంతరాలు ఒకదానితో ఒకటి కలిసి సాగుతాయి కనుక కమ్మీల మధ్య ఖాళీ ఉండదు.

రెండు రాశుల మధ్య సంబంధం వెదకవలసి వచ్చినప్పుడు చుక్కల చిత్రం అవసరమవుతుంది. ఒక రాశిని అడ్డు అక్షంపై, మరొకదాన్ని నిలువు అక్షంపై తీసుకొని, ఒక్కొక్క పరిశీలనకు ఒక్కొక్క చుక్క పెట్టడమే దీని పద్ధతి. దీని విలువ ఎంతటిదో అమెరికాలో జరిగిన ఒక ఘోర ప్రమాదం తెలుపుతుంది. 1986 జనవరి 28న ఛాలెంజర్ అనే అంతరిక్ష నౌక నింగికెగసిన 73 సెకన్లకే ముక్కలైంది. ఒక పాఠశాల ఉపాధ్యాయురాలితో సహా ఏడుగురు మరణించారు. రాకెట్టు అతుకులలోంచి వేడివాయువులు వెలువడకుండా అమర్చిన రబ్బరు వలయాలు చలికి బిరుసెక్కి, తమ పని చేయలేకపోవడం అందుకు కారణమని విచారణలో తేలింది.

అంతకు ముందురోజు రాత్రి ఈ విషయంపైనే సుదీర్ఘమైన చర్చ జరిగింది. చలిలో ప్రయోగం వద్దని ఇంజనీర్లు వాదించారు. అయితే వలయాలు దెబ్బతిన్న ప్రయాణాలలో ఒకటి 53 డిగ్రీల ఫారన్‌హీట్ వద్ద, మరొకటి 75 డిగ్రీల వద్ద జరిగింది. చలిలోనూ వెచ్చదనంలోనూ దెబ్బతింటే ఉష్ణోగ్రతకు దీనితో సంబంధమేమిటన్న సందేహం బలపడింది. దెబ్బతిన్న ప్రయాణాలను మాత్రమే ముందుంచుకొని చూస్తే ఆ సందేహం సహేతుకంగానే తోస్తుంది.

విచారణ సంఘం దెబ్బతినని ప్రయాణాలను కూడా చేర్చి చుక్కలు పెట్టించింది. 66 డిగ్రీలు, అంతకు పైన జరిగిన 20 ప్రయాణాలలో మూడింటిలో మాత్రమే వలయాలు దెబ్బతిన్నాయి. 63 డిగ్రీలు, అంతకు దిగువన జరిగిన నాలుగింటిలోనూ దెబ్బతిన్నాయి. ప్రమాదం నాడు అతుకుల వద్ద ఉష్ణోగ్రత సుమారు 30 డిగ్రీలు. అంటే అనుభవంలో ఉన్న చుక్కలన్నింటికీ ఎంతో ఎడమగా, ఖాళీ కాగితంపై ఆ నౌక నిలిచి ఉన్నది. నేరమంతా చిత్రలోపంపైకి నెట్టడం న్యాయం కాదు. ఇంజనీర్ల హెచ్చరికను నిర్వాహకులు పెడచెవిన పెట్టారన్నది మరువరాదు. అయినా, ఆ రాత్రి ఇరవైనాలుగు చుక్కల కాగితం బల్లపై ఉండి ఉంటే వారి హెచ్చరికను కాదనడం ఇంకా కష్టమయ్యేది.

కాబట్టి తరగతిలో ఉపాధ్యాయుడు గ్రాఫు కాగితం తీయించకముందే విద్యార్థుల చేత ఒక వాక్యం రాయించడం మేలు. “నేను వీటిని పోల్చదలిచాను”, “ఇది కాలంతో ఎలా మారిందో చూడదలిచాను”, “ఈ రెండింటికీ సంబంధం ఉన్నదా అని తెలుసుకోదలిచాను” అని ఎవరి వాక్యం వారు రాస్తే చిత్రం దానంతటదే తేలుతుంది. ఆ వెంటనే “ఈ లెక్కలో చేరని పరిశీలనలు ఏవైనా ఉన్నాయా?” అని అడగడం మరువరాదు. కొన్ని సందర్భాలలో ఏ చిత్రమూ అక్కరలేదని తేలవచ్చు. రెండు మూడు అంకెలే ఉన్నప్పుడు వాటిని ఒక వాక్యంలో చెబితే సరిపోతుంది.