క్వార్టరు తాళాలు అప్పగించే ముందు

ఇల్లు - స్థలం: ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జంషెడ్‌పూర్ బర్మామైన్స్ నుంచే. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం నుంచి పనికోసం వెళ్ళిన కుటుంబాలు. మూడు తరాలు గడిచినా చాలామందికి అక్కడ సొంత గడప లేదు. నేనూ అలాంటి క్వార్టర్లోనే పుట్టి పెరిగాను. అందుకే ఈ వారం పేజీ అంతా వాళ్ళకే.

ప్రశ్న: ఇరవై ఆరేళ్ళుగా కంపెనీ క్వార్టర్లో ఉంటున్నాం. వచ్చే ఏడాది నా రిటైర్మెంటు. మా తోడల్లుడు లండన్‌లో కౌన్సిల్ ఇంట్లో అద్దెకుండేవాడు. ఆ ఇల్లు ఖాళీ చేసి బయట సొంతిల్లు కొనుక్కుంటే కౌన్సిలే కొంత డబ్బిచ్చిందట. మనకూ అలాంటిది ఉందా? లేకపోతే ఈ క్వార్టరునే మాకు అమ్మమని అడగవచ్చా?
- ఒక ఉద్యోగి, బర్మామైన్స్

జవాబు: మీ తోడల్లుడు చెప్పింది నిజమే. బ్రిటన్‌లో 1980 నాటి హౌసింగ్ చట్టం, కౌన్సిల్ ఇళ్ళలో అద్దెకున్నవారికి ఆ ఇంటినే తగ్గింపు ధరకు కొనుక్కునే హక్కిచ్చింది. లక్షల ఇళ్ళు అమ్ముడుపోయాయి. ఆ తర్వాత వచ్చిన పేదలకు ఇవ్వడానికి కౌన్సిళ్ళ దగ్గర ఇళ్ళు తరిగిపోయాయి. 1988 చట్టం ఇంకో దారి తెరిచింది. అద్దెదారు బయట ఇల్లు కొనుక్కుని వెళ్తే కౌన్సిల్ అతనికి కొంత సొమ్మివ్వవచ్చు. ఖాళీ అయిన ఇంట్లోకి వరసలో ఉన్న మరో కుటుంబం వస్తుంది. ఇల్లు ఊరి ఆస్తిగానే మిగులుతుంది. నాకు ఈ రెండో దారే న్యాయంగా కనిపిస్తుంది. ఉన్న ఇంటినే కొనే హక్కును స్కాట్లాండ్ 2016లో, వేల్స్ 2019లో ఎత్తేశాయి కూడా.

మన క్వార్టరు సంగతి వేరు. అది ఉద్యోగంతో వచ్చింది, ఉద్యోగంతోనే పోతుంది. దాన్ని కొనే హక్కు మనకు ఏ చట్టమూ ఇవ్వలేదు. పైగా కింద నేల ప్రభుత్వానిది, కంపెనీ దగ్గర ఉన్నది లీజు. 2005లో రెన్యూ చేసిన లీజు 1996 నుంచి లెక్కేసి 30 ఏళ్ళకు, అంటే 2025 డిసెంబరు 31 వరకు రాసుకున్నది. కాబట్టి క్వార్టరు మీద ఆశ పెట్టుకోకండి.

లండన్ గ్రాంటుకు మన దేశంలో దగ్గరి చుట్టం ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం, రెండో విడత. 2024 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. మీలాంటివారికి పనికొచ్చేది అందులోని వడ్డీ సబ్సిడీ. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షలు దాటకూడదు. ఇంటి విలువ 35 లక్షలు, లోను 25 లక్షలు మించకూడదు. మొదటి 8 లక్షల లోనుమీద 4 శాతం సబ్సిడీ లెక్కగట్టి, గరిష్ఠంగా 1.80 లక్షలు అయిదు వార్షిక వాయిదాల్లో మీ లోను ఖాతాలో జమ చేస్తారు. చేతికి నగదు రాదు. ఇంకొక మెలిక ఉంది. ప్రతి వాయిదా విడుదలయ్యే నాటికి లోను నడుస్తుండాలి, అసలులో సగానికి పైగా బాకీ ఉండాలి. రిటైర్మెంటు డబ్బు రాగానే లోనంతా ఒక్కసారి కట్టేస్తే మిగతా వాయిదాలు పోతాయి. అలాగని సబ్సిడీ కోసం వడ్డీ మోయడమూ తెలివి కాదు. రెండు లెక్కలూ బ్యాంకులో కాగితంమీద వేయించుకుని చూడండి.

జీతం ఆగిపోయాక లోను పుట్టడం కష్టం. ఆ అర్జీ ఏదో ఇంకా ఉద్యోగంలో ఉండగానే పెట్టండి. అలాగే గడువు దాటాక క్వార్టరు పట్టుకుని కూర్చోకండి. సెయిల్ కేసులో సుప్రీంకోర్టు 2020లో, అలా ఉండిపోయినందుకు వేసే పీనల్ రెంటును గ్రాట్యుటీ నుంచి సర్దుకోవచ్చంది. ఇన్నేళ్ళ చెమటను అద్దె కింద పోగొట్టుకోవద్దు.

ప్రశ్న: మాది బర్మామైన్స్ పక్క బస్తీ. కాంట్రాక్టు పని. మా వీధిలో రెండు గదుల పక్కా ఇల్లు అమ్మకానికొచ్చింది. రిజిస్ట్రీ ఉండదు, స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయిస్తామంటున్నారు. దీనికి ఆవాస్ డబ్బు వస్తుందా?
- ఒక పాఠకుడు

జవాబు: రాదు. అంతకంటే ముఖ్యమైన మాట: ఆ కాగితంతో ఇల్లు మీదవదు. నోటరీ ముద్ర సంతకం పెట్టింది ఫలానావాడని చెబుతుందే తప్ప నేలమీద హక్కు ఇవ్వదు. ఒప్పందపత్రాలు, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీలతో యాజమాన్యం చేతులు మారదని సుప్రీంకోర్టు 2011లో తేల్చి చెప్పింది. అమ్మేవారికే లేని హక్కును మీకెలా ఇస్తారు?

జంషెడ్‌పూర్‌లోని 86 బస్తీల సంగతి మీకు తెలిసిందే. 2005 లీజు రెన్యూవల్లో ఆ నేలను కంపెనీ లీజు నుంచి తప్పించారు. 2018లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం, 1985కు ముందు నుంచి ఉంటున్నవారికి 10 డెసిమల్ వరకు లీజుకిస్తామంది. బస్తీవాళ్ళు అడుగుతున్నది మాత్రం మాలికానా హక్కు, అంటే సొంత యాజమాన్యం. ఆ కోరిక న్యాయమైనదేనని నా నమ్మకం. కానీ రేపు రాబోయే హక్కును నమ్ముకుని ఇవాళ కష్టార్జితం పోయకూడదు.

మీ కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షల లోపైతే మీకు వేరే దారి ఉంది. పథకం కింద కట్టే ఫ్లాట్లకు కేంద్రం 1.50 లక్షలు, రాష్ట్రం కనీసం లక్ష, మొత్తం 2.50 లక్షలు భరిస్తాయి. ప్రైవేటు ప్రాజెక్టులో కొనేవారికి కూడా ఆ సాయాన్ని వోచరు రూపంలో ఇచ్చే ఏర్పాటు రెండో విడతలో పెట్టారు. మన ఊళ్ళో బిర్సానగర్‌లో ఇలాంటి ఫ్లాట్ల పని చేపట్టారు. ఖాళీలు, మీ వాటా ఎంత, స్వాధీనం ఎప్పుడు అన్నవి జంషెడ్‌పూర్ నోటిఫైడ్ ఏరియా కమిటీ ఆఫీసులో స్వయంగా అడగండి. దళారీ చేతికి పైసా ఇవ్వకండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి.

ప్రశ్న: టెక్కలి దగ్గర మా ఊళ్ళో మా మామగారి పేరున డాబా ఇల్లుంది. పెళ్ళైన కొత్తలో నా పేరుమీద ఇందిరమ్మ ఇల్లు కూడా మంజూరైంది. ఇక్కడ మాకేమీ లేదు. సబ్సిడీకి అర్హులమేనా?
- ఒక గృహిణి, బర్మామైన్స్

జవాబు: అమ్మా, రెండు ఇళ్ళనూ విడివిడిగా చూడాలి. ఆవాస్ పథకంలో కుటుంబమంటే భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు. మీ మామగారి ఇల్లు ఆయన పేరున ఉన్నంతకాలం మీకు అడ్డు కాదు. అది పంపకాల్లో మీవారి పేరుకు వచ్చి ఉంటే మాత్రం అడ్డే. ఎందుకంటే దేశంలో ఎక్కడా మీ కుటుంబానికి పక్కా ఇల్లుండకూడదు. జార్ఖండ్‌లో లేకపోతే చాలదు.

ఇందిరమ్మ ఇల్లు అసలు చిక్కు. గత 20 ఏళ్ళలో ఏ ప్రభుత్వ గృహపథకంలో లబ్ధి పొందినా అర్హత ఉండదు. మంజూరైంది ఏ ఏడాది, బిల్లు వచ్చిందా, ఇల్లు లేచిందా అన్నది మండలంలోని హౌసింగ్ ఆఫీసులో కనుక్కోండి. పేరు మాత్రమే జాబితాకెక్కి డబ్బు రానివాళ్ళూ ఉంటారు. అలాగైతే అక్కడినుంచి రాతపూర్వకంగా తీసుకోండి. "ఎవరు చూస్తారులే" అని దాచి అఫిడవిట్ మీద సంతకం మాత్రం పెట్టకండి. తర్వాత బయటపడితే ఇచ్చిన డబ్బు వెనక్కి అడుగుతారు.

ప్రశ్న: పర్సుడీహ్ వైపు స్థలం చవగ్గా వస్తోంది. కొని ఇల్లు కట్టుకుందామని ఉంది. ఏం చూసుకోవాలి?
- ఒక రైల్వే ఉద్యోగి

జవాబు: ఎందుకంత చవక అని ముందు అడగండి. 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం ఇక్కడ ఇప్పటికీ సజీవం. ఆదివాసీ భూమిని ఆదివాసీలు కానివారు కొనలేరు. అదే పోలీసుస్టేషను పరిధిలోని ఆదివాసీ కొనాలన్నా డిప్యూటీ కమిషనర్ అనుమతి కావాలి. షెడ్యూల్డ్ కులాలు, వెనుకబడిన కులాలవారి భూమి అమ్మకానికి జిల్లా హద్దు ఉంది. ఇది మనకు అడ్డుగా కనిపించవచ్చు. కానీ ఆ నేల సొంతదారులకు అదే కాపుగోడ. దాన్ని గౌరవించి, మన స్థలం వేరేచోట వెతుక్కుందాం.

ఖతియాన్‌లో (భూహక్కుల రికార్డు) ఎవరి పేరుంది, రిజిస్టర్-2లో ఇప్పుడెవరి పేరు నడుస్తోంది, లగాన్ (శిస్తు) రసీదు ఎప్పటిది, మ్యుటేషన్ అయిందా అన్నవి ఝార్‌భూమి వెబ్‌సైటులో చూసి, అంచల్ (సర్కిల్) ఆఫీసులో సరిపోల్చుకోండి. ఆ తర్వాతే బయానా (అడ్వాన్సు). ఇంకోమాట, పర్సుడీహ్, బాగ్‌బేడా వైపు చాలా భాగం పంచాయతీల కింద ఉంది. మీరు చూస్తున్న స్థలం పట్టణ పథకం పరిధిలోకి వస్తుందో లేదో బ్యాంకులో ముందే రాయించుకోండి.

ప్రశ్న: ఆదిత్యపూర్‌లో ఫ్లాటు కొంటున్నాం. మావారు తన పేరున అంటున్నారు. ఆడవాళ్ళ పేరున రిజిస్ట్రీ ఒక్క రూపాయికే అని విన్నాను. నిజమేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఒకప్పుడు నిజం. 2017లో జార్ఖండ్‌లో 50 లక్షల విలువ వరకు మహిళల పేరున ఒక్క రూపాయికే రిజిస్ట్రీ చేశారు. 2020లో ఆ సదుపాయం తీసేశారు. ఇప్పుడు స్టాంపు డ్యూటీ 4 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 3 శాతం పక్కన పెట్టుకోండి. అయినా ఆవాస్ సబ్సిడీ కావాలంటే ఇల్లు భార్య పేరున గానీ ఇద్దరి పేరున గానీ ఉండాలి. ఈ మాట మీవారికి చూపించండి.

సబ్సిడీ రాకపోయినా నేను చెప్పేది అదే. మా నాన్న రిటైరై క్వార్టరు అప్పగించిన రోజు ఒకాయన వచ్చి ఫ్యాను కొక్కేలు, కుళాయిలు లెక్కపెట్టి కాగితంమీద టిక్కులు పెట్టుకుంటున్నాడు. మా అమ్మ మాత్రం గిన్నెలో పసుపు కలుపుకొచ్చి, ముప్ఫై ఏళ్ళుగా ప్రతి శుక్రవారం రాసినట్టే గడపకు రాసి, బొట్లు పెట్టి బయటికొచ్చింది. ఆ గడప ఏ కాగితంలోనూ ఆమెది కాదు.

సేల్ డీడ్ ముసాయిదా చేతికి రాగానే మీ పేరు అక్షరం అక్షరం ఆధార్‌తో సరిచూడండి. మన ఇంటిపేర్లు ముందుంటాయి కదా, ఇక్కడి ఆఫీసుల్లో వాటిని అసలు పేరనుకుని తారుమారు చేస్తుంటారు. తప్పుంటే సంతకానికి ముందే దిద్దించండి. గడపకు పసుపు ఆ తర్వాత రాద్దురుగాని.