ఇంటి మాట, బడి అక్షరం: పిల్లలకు చదివి వినిపించుట గురించి

చిక్కబళ్లాపుర జిల్లాలోని గౌరిబిదనూరు, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల నుండి ఉపాధి నిమిత్తం నగరానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. ఆ ఇళ్లలో మాట్లాడే భాష తెలుగు. తల్లిదండ్రులలో చాలామంది చదువుకున్నది కన్నడంలో. పిల్లలు, తరచుగా, ఇంగ్లీషు బడులలో చదువుతున్నారు. ఈ మూడింటిలో ఏ భాషా వారికి పరాయిది కాదు. అయినప్పటికీ మూడింటిలో దేనిలోనూ ఇంట్లో పిల్లలకు పుస్తకం చదివి వినిపించేవారు అరుదు. తెలుగు అక్షరాలు తమకు రావు కనుక తెలుగు పుస్తకం తమ వల్ల కాదని తల్లి అనుకుంటుంది. ఇంగ్లీషు పలుకుబడి తప్పిపోతుందేమోనని తండ్రి వెనుకాడతాడు. ఇక కన్నడ పుస్తకం ‘మన భాష కాదు కదా’ అన్న ఆలోచనతో అలమరలోనే ఉండిపోతుంది. ఈ సంకోచం తొలగించుకొనే మార్గాలను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

అక్షరాలు నేర్చుకోవడానికి ముందే పిల్లలు గ్రహించవలసిన సంగతి ఒకటి ఉన్నది. కాగితం మీది గుర్తులు మాట్లాడతాయని, అవి ఎప్పుడు చూసినా అదే మాట చెబుతాయని వారికి తెలియాలి. ఒళ్లో కూర్చోబెట్టుకొని చదివి వినిపించినప్పుడే ఇది తెలుస్తుంది. రెండవది, పుస్తక భాష ఇంటి మాట కంటె వేరు. ‘అన్నం తిన్నావా, చెప్పులు ఎక్కడ పెట్టావు’ అన్న మాటలతో రోజు గడిచిపోతుంది. ‘అంతలోనే’, ‘అయినప్పటికీ’, ‘ఒకానొక కాలమున’ వంటి మాటలు కథలో తప్ప చెవిన పడవు. వాటిని వినకుండా పెరిగిన బిడ్డకు నాలుగవ తరగతిలో సాంఘిక శాస్త్రం పుస్తకం తెరిచేసరికి అక్షరాలు చదవడం వచ్చినా అర్థం అందదు. ఆ బిడ్డకు తెలివి లేదని పెద్దలు తొందరపడి తీర్మానిస్తారు.

ఇతర దేశాలలో ఈ సంగతిని వైద్యులు కూడా పట్టించుకున్నారు. 1989లో అమెరికాలోని బోస్టన్ నగరంలో, చికిత్సకు వచ్చిన శిశువుల తల్లిదండ్రులకు ఆసుపత్రిలోనే బొమ్మల పుస్తకం ఇచ్చి, చదివి వినిపించమని చెప్పే పద్ధతి మొదలైంది. 1992లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పసిబిడ్డలున్న కుటుంబాలకు ఉచితంగా పుస్తకాలు అందించే ‘బుక్‌స్టార్ట్’ ఆరంభమైంది. వలస కుటుంబాలు ఎక్కువగా ఉన్న నగరాలలో ఇటువంటి పనులు వేళ్లూనుకోవడం గమనించదగినది.

మన ప్రాంతానికి ఇది కొత్త విద్య కాదు. రావికట్ట మీద ఒకరు పురాణం చదువుతుండగా ఊరంతా కూర్చొని వినడం మన తాతల కాలపు అలవాటు. విన్నవారిలో అక్షరం వచ్చినవారు కొద్దిమందే, అయినా భారత కథ అందరికీ వచ్చు. చింతామణి తాలూకా కైవారంలో వెలసిన యోగి నారేయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ రచనలు చేశారు. ఆయన తెలుగు కీర్తనలు ఈ సీమలో కన్నడ లిపిలో అచ్చయి, భజన గోష్ఠులలో చదవబడుతూ వచ్చాయి. భాష తెలుగు, లిపి కన్నడం. పాడేవారికి ఇందులో ఏ ఇబ్బందీ తోచలేదు. తెలుగు లిపి రాదని దిగులుపడే తల్లిదండ్రులకు ఇంతకంటె మంచి ఉదాహరణ అక్కరలేదు. బిడ్డకు నచ్చిన తెలుగు కథను కన్నడ అక్షరాలలో ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొని చదివి వినిపించవచ్చును.

తెలుగు, కన్నడ లిపులు ఒకే మూలం నుండి వచ్చిన తోబుట్టువులు. ‘విదురాశ్వత్థ’ అన్న ఊరి పేరునే తీసుకోండి. రెండు లిపులలోనూ పక్కపక్కన వ్రాసి చూస్తే వి, దు, రా దాదాపు ఒక్కలాగే ఉంటాయి. తలకట్టులో మాత్రమే భేదం. శ, త అక్షరాల రూపం కొంత మారుతుంది. ఒత్తును కింద వ్రాసే పద్ధతి రెండింటిలోనూ ఒకటే. కన్నడం చదవగలిగిన పెద్దవారు రోజుకు నాలుగు అక్షరాల చొప్పున పోల్చుకుంటూ పోతే కొద్ది వారాలలోనే తెలుగు చదవగలరు. పిల్లలు ఇంకా త్వరగా పట్టుకుంటారు.

ఆ పేరులోనే రెండు కథలున్నాయి. విదురుడు నాటిన అశ్వత్థ వృక్షమని స్థలపురాణం చెబుతుంది. ‘విదురుడెవరు?’ అని బిడ్డ అడిగితే భారతం మొదలవుతుంది. రెండవది చరిత్ర. 1938 ఏప్రిల్ 25న అక్కడ స్వాతంత్ర్య ఉద్యమ సభకు చేరిన ప్రజలపై పోలీసులు కాల్పులు జరిపారు. పలువురు ప్రాణాలు కోల్పోయారు. సెలవులలో ఊరికి పోయినప్పుడు అక్కడి స్మారకం వద్ద ఉన్న వ్రాతలను బిడ్డ చేత బిగ్గరగా చదివించండి. నాగప్రతిష్ఠల మధ్య ప్రదక్షిణం చేసి ప్రసాదం తీసుకొని వచ్చేస్తే సగం యాత్రే అయినట్లు.

చదివే విధానం గురించి కొంత. పది నిమిషాలు చాలును, కాని ప్రతిరోజూ ఉండవలెను. ఒకే కథను ఇరవైసార్లు అడిగితే విసుగుకోరాదు. పదే పదే వినడం వల్లనే మాటలు నిలుస్తాయి. పేజీ తిప్పే ముందు ఆగి, ‘ఇప్పుడు నక్క ఏం చేస్తుందంటావు?’ అని అడగవలెను. పుస్తకం కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉంటే ప్రశ్న తెలుగులో అడగడం వల్ల నష్టమేమీ లేదు, పైగా అర్థం రెండు భాషలలో కుదురుకుంటుంది. చదువు రాని అవ్వ కూడా బొమ్మలు చూపి కథ చెప్పగలదు. లేదా మనుమరాలు చదువుతుంటే ఆమె ఊ కొట్టవచ్చును. ఊ కొట్టేవారు లేని కథ ముందుకు సాగదని మన పెద్దలకు తెలియనిది కాదు. చదివేటప్పుడు తప్పులు దిద్దుతూ కూర్చుంటే మాత్రం అది కథ కాదు, పరీక్ష అవుతుంది.

పుస్తకాల సంగతి. ఒకప్పుడు చందమామ తెలుగులోనూ కన్నడంలోనూ వెలువడుతూ ఇటువంటి ఇళ్లకు ఎంతో మేలు చేసింది. నేడు ఆ లోటును కొంత తీర్చేది ప్రథమ్ బుక్స్ వారి ‘స్టోరీవీవర్’. 2015లో ఆరంభమైన ఈ వేదికలో చాలా కథలు తెలుగు, కన్నడ, ఇంగ్లీషు భాషలు మూడింటిలోనూ, అవే బొమ్మలతో, ఉచితంగా లభిస్తాయి. కథలు నాలుగు స్థాయిలుగా విభజించబడినవి. మొదటి స్థాయిలో పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. ఫోనులో చూపడం కంటె అచ్చు తీసి కుట్టి ఇవ్వడం మేలు.

గ్రామ పంచాయతీ గ్రంథాలయాలలో పిల్లలకు ఉచిత సభ్యత్వం ఇచ్చే ‘ఓదువ బెళకు’ కార్యక్రమాన్ని కర్ణాటక ప్రభుత్వం 2020 నవంబరులో ప్రారంభించింది. వేసవిలో అవ్వ తాతల ఊరికి పంపే పిల్లలకు ఇది ఉపయోగపడుతుంది. నగరంలో ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ ఉపకరం కూడా వసూలవుతుంది. అద్దె ఇంట్లో ఉన్నవారు చెల్లించే అద్దెలోనూ దాని భాగం ఉన్నట్లే. కనుక మీ వార్డుకు దగ్గరి ప్రజా గ్రంథాలయానికి బిడ్డను వెంటబెట్టుకొని వెళ్లండి. అక్కడ తెలుగు పిల్లల పుస్తకాలు లేకపోతే, నాలుగైదు కుటుంబాలవారు కలిసి, కావలసిన పుస్తకాల పేర్లతో ఒక అర్జీ వ్రాసి గ్రంథపాలకునికి ఇచ్చి, దాని నకలుపై తేదీ, సంతకం తీసుకోండి.