వద్దన్న కుర్రాడు: రాబర్ట్ లెవాండోవ్‌స్కీ తొలి ఏళ్ళు

ఫుట్‌బాల్ అనగానే మన విద్యార్థి మిత్రులకు బ్రెజిల్, అర్జెంటీనా గుర్తుకొస్తాయి గాని, పోలండ్ పేరు చప్పున నోటికి రాదు. అయితే 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలుచుకున్నదీ, 1974లోనూ తిరిగి 1982లోనూ ప్రపంచ కప్‌లో మూడో స్థానం సంపాదించినదీ ఆ దేశమే. 1974 ప్రపంచ కప్‌లో అందరికన్నా ఎక్కువగా 7 గోల్స్ చేసిన లాటో పోలండ్ వాడే. తర్వాత చాలా ఏళ్ళు ఆ వెలుగు మసకబారింది. దాన్ని మళ్ళీ లోకానికి చూపించిన వాళ్ళలో ప్రథముడు రాబర్ట్ లెవాండోవ్‌స్కీ. 2020-21లో బయర్న్ మ్యూనిక్ తరఫున ఒకే సీజన్‌లో 41 లీగ్ గోల్స్ కొట్టి, 1971-72 నుంచి చెక్కుచెదరకుండా నిలిచిన గెర్డ్ ముల్లర్ 40 గోల్స్ రికార్డును దాటాడు. ఆ సంగతి పత్రికల్లో ఆటల పేజీ చదివే వాళ్ళందరికీ తెలిసిందే. ఇక్కడ మనం పరిశీలించబోయేది అంతకు ముందరి కథ. పదిహేడో ఏట సొంత ఊరి పెద్ద క్లబ్బు అక్కర్లేదని పంపేసిన కుర్రవాడు, సరిగ్గా ఆరేళ్ళకు జర్మన్ కప్ ఫైనల్లో మూడు గోల్స్ ఎలా చేయగలిగాడు? మధ్యలో ఏం జరిగింది?

అతను 1988 ఆగస్టు 21న వార్సాలో పుట్టాడు. పెరిగింది నగరానికి పడమటి వైపునున్న లెష్నో అనే చిన్న ఊళ్ళో. తండ్రి జూడోలో జాతీయ ఛాంపియన్, ఫుట్‌బాల్ కూడా ఆడినవాడు. తల్లి వాలీబాల్ క్రీడాకారిణి. ఇద్దరూ వ్యాయామ ఉపాధ్యాయులే. కొడుకు విదేశాల్లో ఆడే రోజు వస్తే పలకడానికి తేలికగా ఉండాలని రాబర్ట్ అని పేరు పెట్టారట. బారసాల నాడే ఇంత ముందుచూపు ఉన్న తల్లిదండ్రులు మన వైపు కుర్రాడికి ఇంజనీరింగ్ సీటు గురించి ఆలోచిస్తారు, అంతే తేడా.

వార్సాలోని వర్సోవియా అనే క్లబ్బులో 1997 నుంచి 2004 దాకా శిక్షణ పొందాడు. లెష్నో నుంచి అక్కడికి రోజూ కారులో తీసుకెళ్ళి తీసుకురావడం అమ్మానాన్నల పని. ఆ రోజుల్లో అతన్ని చూసిన వాళ్ళందరూ చెప్పే మాట ఒక్కటే: కుర్రాడు బక్కపలచన, కాళ్ళు పుల్లల్లా ఉండేవి. బలమైన బ్యాకులు గట్టిగా భుజం తగిలిస్తే ఏమైపోతాడోనని కోచ్‌లకు భయం. గోల్స్ మాత్రం వేస్తూనే ఉండేవాడు.

2005లో తండ్రి కన్నుమూశాడు. అప్పటికి రాబర్ట్‌కు పదహారేళ్ళు. కొడుకు ప్రొఫెషనల్ ఆటగాడిగా ఆడిన మ్యాచ్ ఒక్కటి కూడా ఆయన చూడలేదు. అదే ఏడు కుర్రవాడు లెగియా వార్సా రెండో జట్టులో చేరాడు. లెగియా అంటే రాజధానిలోని పెద్ద క్లబ్బు, ఒకప్పటి సైన్యం జట్టు. కాలికి గాయమై కొంతకాలం ఆటకు దూరమయ్యాడు. 2006లో ఒప్పందం గడువు ముగిసేసరికి క్లబ్బు దాన్ని పొడిగించలేదు. ఆ కబురు కూడా కోచ్ పిలిచి చెప్పింది కాదు, ఆఫీసులో సెక్రెటరీ నోట విన్నానని తర్వాతి కాలంలో అతనే రాశాడు. తండ్రి పోయిన మరుసటి ఏడే ఈ దెబ్బ! ఇంకొకడైతే బూట్లు అటక మీద పారేసేవాడే.

లెగియాను తిట్టిపోయడం ఇవాళ తేలిక. కాని న్యాయంగా ఆలోచిస్తే, గాయపడిన, బరువు లేని పదిహేడేళ్ళ కుర్రాడిలో రేపటి మొనగాడు ఉన్నాడని పసిగట్టడం అంత సులువు కాదు. ఒళ్ళు ఇంకా ఎదుగుతున్న వాణ్ణి ఆ రోజు బలాన్ని బట్టి కొలవడమే అక్కడ జరిగిన పొరపాటు. ఇది ఒక్క పోలండ్‌లోనే జరిగే పొరపాటు కాదు. ఎదుగుదల ముందుగా వచ్చిన వాళ్ళను ఏరుకోవడం, ఆలస్యమైన వాళ్ళను వదిలేయడం యువజట్ల ఎంపికల్లో ఎక్కడైనా కనిపించేదే.

తల్లి అతన్ని వార్సా పక్కనే ఉన్న ప్రూష్కూఫ్ పట్టణానికి తీసుకెళ్ళింది. అక్కడి జ్నీచ్ క్లబ్బు అప్పుడు మూడో అంతస్తు లీగ్‌లో ఉండేది. ఈ అంతస్తుల సంగతి కొంచెం చెప్పుకోవాలి. యూరప్‌లో లీగులు నిచ్చెన మెట్లలా ఒకదానిపై ఒకటి ఉంటాయి. ఏటా పైన నిలిచిన జట్లు పై మెట్టుకు ఎక్కుతాయి, అడుగున పడ్డవి కిందికి దిగుతాయి. మన కాలేజీ భాషలో చెప్పాలంటే ప్రమోషన్, డిటెన్షన్ పద్ధతే! అందుచేత చిన్న క్లబ్బులోనైనా ప్రతి శనివారం మ్యాచ్‌కీ ప్రాణం ఉంటుంది. అలాంటి చోట ముప్ఫై ఏళ్ళు దాటిన ముదురు డిఫెండర్లు మోచేతులు వాడుతారు, చొక్కా లాగుతారు. పెద్ద క్లబ్బు యువజట్టులో సమవయస్కులతో ఆడేవాడికి ఈ విద్య దొరకదు. బక్క కుర్రాడు ఆ మోచేతుల మధ్యనే 2006-07లో 15 గోల్స్ చేసి తన లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచాడు, జట్టు పై మెట్టు ఎక్కింది. మరుసటి ఏడు రెండో అంతస్తులో 21 గోల్స్. అక్కడా అతనే ప్రథముడు. నా దృష్టిలో అతని జీవితంలో అసలు మలుపు తర్వాతి పెద్ద కప్పులు కావు, ఈ రెండేళ్ళే. వారం వారం పూర్తి మ్యాచ్, బాధ్యత అంతా తన నెత్తిన.

2008 వేసవిలో లేహ్ పొజ్నాన్ క్లబ్బు 15 లక్షల జ్లోటీలు ఇచ్చి అతన్ని కొనుక్కుంది (జ్లోటీ అంటే పోలండ్ రూపాయి అనుకోండి). వార్సాలో పుట్టి, వార్సాలో శిక్షణ పొంది, వార్సా చేజారిపోనిచ్చిన వాడు పొజ్నాన్ పాలయ్యాడన్నమాట. అక్కడ తొలిసారి యుఇఎఫ్ఎ కప్ మ్యాచ్‌లో అజర్‌బైజాన్ జట్టుపై సబ్‌స్టిట్యూట్‌గా దిగి ఏకైక గోల్ చేశాడు. ఆ సెప్టెంబరు 10న శాన్ మారినోపై దేశం తరఫున మొదటిసారి ఆడాడు, అదీ సబ్‌స్టిట్యూట్‌గానే, అక్కడా గోలే! వయసు ఇరవై ఏళ్ళ మీద మూడు వారాలు. మొదటి సీజన్‌లో పోలిష్ కప్ దక్కింది. రెండో సీజన్లో 18 గోల్స్‌తో లీగ్ ప్రథముడయ్యాడు, లేహ్ జట్టు 1993 తర్వాత తొలిసారి జాతీయ విజేత అయింది.

2010 వసంతంలో ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ క్లబ్బును చూడ్డానికి అతను బయల్దేరాల్సి ఉండగా ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బద్దలై, బూడిద మేఘాలతో విమానాలు ఆగిపోయాయని అప్పటి బ్లాక్‌బర్న్ మేనేజర్ శామ్ అలర్డైస్ తర్వాత చెప్పుకొచ్చాడు. నిజంగా బూడిదే అడ్డుపడిందో, డబ్బు అడ్డుపడిందో గాని, జూన్‌లో అతను జర్మనీలోని బొరుస్సియా డార్ట్‌మండ్‌లో చేరాడు. ధర సుమారు 45 లక్షల యూరోలు.

ఇక్కడ చరిత్ర విద్యార్థులు ఒక విషయం గమనించాలి. లెవాండోవ్‌స్కీ పరదేశం వెళ్ళినప్పుడు 21 ఏళ్ళవాడు. కమ్యూనిస్టు పాలనలో ఇది ఊహించడానికి లేదు. జట్లు సైన్యానికో, రైల్వేకో, గనులకో అనుబంధంగా ఉండేవి, మంచి ఆటగాణ్ణి వయసు మళ్ళేదాకా దేశం దాటనిచ్చేవాళ్ళు కారు. లుబాన్‌స్కీ 28వ ఏట బెల్జియం వెళ్ళాడు, లాటో 30వ ఏట. దేయ్‌నాకు మాంచెస్టర్ సిటీలో చేరేటప్పటికి 31. బోనియెక్ 1982లో 26 ఏళ్ళకే జువెంటస్‌కు పోవడం పెద్ద విశేషం. 1989 మార్పుల తర్వాత తలుపులు తెరుచుకున్నాయి. దానితో మరో చిక్కు వచ్చింది. పిందె దశలోనే కుర్రాళ్ళు బయటికి పోయి బెంచీల మీద కూర్చుని వాడిపోవడం. లెవాండోవ్‌స్కీ నాలుగేళ్ళు ఇంట్లోనే మ్యాచ్‌లు ఆడి, మూడు లీగుల్లోనూ ప్రథముడై అప్పుడు కదిలాడు.

అయినా డార్ట్‌మండ్‌లో మొదటి ఏడు సుఖంగా సాగలేదు. సెంటర్ ఫార్వర్డ్ స్థానం పరాగ్వే ఆటగాడు బారియోస్‌ది. ఇతను ఎక్కువగా బెంచీ మీంచి వచ్చేవాడు, లేదా బారియోస్ వెనకాల ఆడేవాడు. జట్టు జర్మన్ విజేత అయింది గాని, ఇతనివి 8 లీగ్ గోల్స్ మాత్రమే. కోచ్ యుర్గెన్ క్లాప్ ఒక ఉపాయం పన్నాడు. ఒక ట్రైనింగ్‌లో పది గోల్స్ చేస్తే నీకు 50 యూరోలు ఇస్తాను, లేకపోతే నాకు నువ్వివ్వాలి అని పందెం. మొదట్లో కుర్రాడే కట్టుకున్నాడు. కొన్ని నెలలకు పరిస్థితి తిరగబడి, క్లాప్ గారే పందెం చాలించారట! బారియోస్ వెనకాల ఆడిన కాలం కూడా వృథా పోలేదు. గోల్‌కు వీపు పెట్టి, మీదపడే డిఫెండర్‌ను కాచుకుంటూ బంతిని ఆపి, వెనకనుంచి వచ్చే వాడికి అందించడం నిఖార్సైన సెంటర్ ఫార్వర్డ్‌కు ఉండవలసిన విద్య. వెనక స్థానంలో ఆడినవాడికి ఆ అందుకునేవాడి అవసరమేమిటో తెలుస్తుంది.

2011లో బారియోస్ గాయపడటంతో చోటు దొరికింది. సెప్టెంబరులో మార్సే చేతిలో 3-0తో ఓడిన తర్వాత క్లాప్‌తో చాలాసేపు మనసు విప్పి మాట్లాడాననీ, ఆయనలో తండ్రిని చూశాననీ లెవాండోవ్‌స్కీ రాశాడు. మూడు రోజులకు ఆగ్స్‌బర్గ్‌పై మూడు గోల్స్. ఆ సీజన్ లీగ్‌లో 22. 2012 మే 12న బెర్లిన్‌లో జరిగిన కప్ ఫైనల్‌లో డార్ట్‌మండ్ 5-2తో బయర్న్‌ను ఓడించింది, అందులో మూడు అతనివే.

మన కాలేజీ వాళ్ళకు ఒక ముచ్చట. అన్ని కప్పులు గెలిచాక, 2017లో వార్సాలో వ్యాయామ విద్యలో డిగ్రీ పూర్తి చేశాడు. అప్పటికి వయసు 29. సప్లిమెంటరీ మిత్రులు ధైర్యం తెచ్చుకోవచ్చు.

డబ్బు లెక్క ఒకటి మిగిలింది. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య నిబంధన ప్రకారం, ఆటగాడు సొమ్ముకు చేతులు మారి వేరే దేశానికి వెళ్ళినప్పుడల్లా అందులో 5 శాతం, 12 నుంచి 23 ఏళ్ళ మధ్య అతన్ని తయారు చేసిన క్లబ్బులకు పంచాలి. పదిహేనేళ్ళ దాకా సీజన్‌కు పావు శాతం, ఆపైన అర శాతం. 2014లో బయర్న్‌కు ఉచితంగా వెళ్ళాడు కనుక అప్పుడు పంపకం లేదు. 2022లో బార్సిలోనా 45 మిలియన్ యూరోలు కట్టింది. ఆ నిబంధనతో లెక్క వేస్తే నాలుగు సీజన్లకు వర్సోవియాకు నాలుగున్నర లక్షల యూరోలు, రెండే సీజన్లకు ప్రూష్కూఫ్ జ్నీచ్‌కు అంతే. గాయంతో గడిచిన ఆ ఒక్క సీజన్‌కు గాను, వద్దని పంపేసిన లెగియా వంతు కూడా రెండుంపావు లక్షలు.