సొర మేని మీద నక్షత్రపటం

సికింద్రాబాదు విద్యార్థికి సముద్రం సుదూరమే. అయినా, తిమింగల సొరను ఛాయాచిత్రం ద్వారా గుర్తించే విద్యకు దగ్గరి బంధువు మన పొరుగునే ఉంది. బేగంపేటలోని నిజామియా వేధశాల గత శతాబ్ది తొలి దశకాలలో ఆకాశాన్ని భాగాలుగా చిత్రించి, నక్షత్రాల స్థానాలను కొలిచి, అంతర్జాతీయ నక్షత్ర పట్టికకు సమర్పించింది.

తిమింగల సొర పేరుకే తిమింగలం, జాతికి చేప. నేడు జీవించివున్న చేపలన్నింటిలోను అదే పెద్దది; 12 మీటర్లకు మించి కూడా పెరుగుతుంది. ఆహారం మాత్రం ప్లవకాలు, చిన్న చేపలు. దాని మేని తెల్లని చుక్కల అమరిక ఒకదానికున్నట్లు మరొకదానికి ఉండదు. 1986లో గ్రోత్ అనే శాస్త్రజ్ఞుడు రెండు నక్షత్ర చిత్రాలను పోల్చుటకు ఒక ఉపాయం చెప్పాడు: మూడేసి చుక్కలను కలిపి త్రిభుజాలు గీయాలి. చిత్రం చిన్నదైనా, పెద్దదైనా, తిరగబడినా భుజాల నిష్పత్తి మారదు గదా! ఆర్జుమానియన్, హోంబర్గ్, నార్మన్ అనే మువ్వురు 2005లో ఈ గణితాన్నే సొర చుక్కలకు అన్వయించారు.

అయితే చిత్రం ఏటవాలుగా తీస్తే నిష్పత్తులు చెడిపోతాయి. కావున ఈతగాడు సొరతో సమంగా ఈదుతూ, మొప్పల వెనుకనున్న ఎడమ పార్శ్వాన్ని ఎదురుగా నిలిచి తీయాలి. కుడి ప్రక్క చుక్కలు వేరు, రెండింటినీ కలపరాదు. నీరు ఎరుపు కాంతిని మొదటి కొద్ది మీటర్లలోనే మ్రింగివేస్తుంది. పైగా సొర వచ్చేదే ప్లవకాలు దట్టమైన చోటికి. అక్కడ నీరు మసక. ఫ్లాష్ వెలిగిస్తే ఆ రేణువులే మెరిసి చిత్రాన్ని పాడుచేస్తాయి. అందుచేత విశాలకోణ కటకంతో దగ్గరగా తీయవలె. ఎంత దగ్గరగా? ఆస్ట్రేలియాలోని నింగలూ తీరంలో శరీరానికి 3 మీటర్లు, తోకకు 4 మీటర్లు ఎడం పాటించాలని నియమం. ముట్టుకొనుట, ఫ్లాష్ వాడుట నిషిద్ధం. చిత్రం కోసం జంతువును బెదరగొట్టేవాడు శాస్త్రానికి చేసే సేవ ఏమిటో నాకు బోధపడదు.

మన దేశంలో ఈ చేపను గుజరాత్ తీరాన విరివిగా వేటాడేవారు. 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పించింది. 2021 డిసెంబరులో విశాఖ సమీపాన తంతడి తీరంలో చిక్కుకొన్న ఒక తిమింగల సొరను అటవీశాఖవారు, మత్స్యకారులు కలిసి సజీవంగా సముద్రంలోకి పంపారు. దాని చిత్రాలను గుర్తింపు నిమిత్తం మాల్దీవుల పరిశోధకులకు అందజేయదలచినట్లు నాడు పత్రికలు వ్రాశాయి. ఆ చుక్కలే మరొక తీరంలో, మరొక ఈతగాని కెమెరాకు చిక్కితే, అది బ్రతికి ఎంతదూరం పయనించిందో తెలుస్తుంది. అందుకు చిత్రంతోపాటు తేదీ, స్థలం వ్రాసి ఉండాలి.