కిడ్నీ లెక్కలో జాతి గుణకం

కిడ్నీ పరీక్ష రిపోర్టులో ‘ఈజీఎఫ్ఆర్’ అనే అంకె ఉంటుంది. కిడ్నీలు ఎంత వేగంగా వడపోస్తున్నాయో అది చెబుతుంది. దాన్ని నేరుగా కొలవడం కష్టం. అందుకే కండరాల నుంచి రక్తంలోకి చేరే క్రియాటినిన్ అనే వ్యర్థం ఎంతుందో చూసి, వయసు, ఆడా మగా అన్న వివరాలు కలిపి ఒక సూత్రంతో అంచనా వేస్తారు.

అమెరికాలో 1999 నుంచి ఈ సూత్రాల్లో మరో ప్రశ్న చేరింది: రోగి నల్లజాతీయులా? అవునంటే, 2009 నాటి సూత్రం ప్రకారం ఫలితాన్ని 1.159తో గుణించేవారు. కిడ్నీల పనితీరు ఒకేలా ఉన్నా నల్లజాతీయుల్లో క్రియాటినిన్ సగటున ఎక్కువగా కనిపించడమే దీనికి ఆధారం. వారికి కండరాలు ఎక్కువని వివరణ ఇచ్చారు. సగటులో తేడా కనిపించిన మాట నిజమే. కానీ ఆస్పత్రికి వచ్చేది సగటు కాదు, మనిషి. బక్కచిక్కిన వృద్ధురాలికైనా, బరువులెత్తే యువకుడికైనా అదే 1.159. తండ్రి నల్లజాతి, తల్లి తెల్లజాతి అయితే? సగం గుణకమంటూ లేదు. ఫారంలో ఏ గడిలో టిక్కు పడితే అదే ఆ మనిషి శరీరధర్మం అయిపోయేది. (భారతీయులైతే ‘ఇతరులు’గా తెల్లవారి లెక్కలోనే కలిసిపోయేవారు.)

దీని ఫలితం ఎక్కడ పడిందో చూడండి. అక్కడ డయాలసిస్ ఇంకా మొదలుకాని రోగికి, ఈజీఎఫ్ఆర్ 20 లేదా అంతకన్నా తగ్గితేనే కిడ్నీ మార్పిడి కోసం నిరీక్షణ కాలం లెక్కలోకి వస్తుంది. గుణకం లేకుండా 18 వచ్చిన నల్లజాతి రోగికి, గుణిస్తే 20.9 అవుతుంది. జబ్బు అదే, రక్తం అదే. వరుసలో చోటు మాత్రం లేదు. ఇందుకు ఏ డాక్టరూ ద్వేషం పెట్టుకోనక్కర్లేదు, ల్యాబు కంప్యూటరే గుణించి పెట్టేది. వ్యవస్థాగత జాతివివక్ష అంటే ఏమిటో ఇంతకంటే సూటిగా చూపే ఉదాహరణ దొరకడం కష్టం.

2021లో జాతి ప్రస్తావన లేని కొత్త సూత్రం వచ్చింది. అదీ అంచనాయే, సిస్టాటిన్-సి అనే ప్రోటీన్‌ను కూడా కొలిస్తే కచ్చితత్వం పెరుగుతుంది. సూత్రం మార్చినంత మాత్రాన పోయిన కాలం తిరిగిరాదు కాబట్టి, 2023 జనవరి నుంచి అమెరికా అవయవ మార్పిడి వ్యవస్థ పాత రిపోర్టులు తిరగేసి, నష్టపోయిన నల్లజాతి రోగులకు ఆ నిరీక్షణ కాలాన్ని కలపడం మొదలుపెట్టింది. 2024 మార్చి నాటికి 14 వేల మందికి పైగా రోగులకు సగటున రెండేళ్లు కలిశాయి.