మిషెలిన్ స్టార్‌కు దారి ఉల్లిపాయ దగ్గరే మొదలు

తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో ఓ పిల్లవాడు. వరిమళ్లలో ఏరుకొచ్చిన నత్తలతో ఇంట్లో కూర వండేవారు. ఆ మాట బయట చెప్పుకోవాలంటే అతనికి నామోషీ. అవే నత్తలను ఫ్రెంచివాళ్లు గొప్ప వంటకంగా తింటారని క్యాటరింగ్ కాలేజీలో చేరాకే తెలిసింది. ఆయనే చెఫ్ విజయ్ కుమార్. న్యూయార్క్‌లో ఆయన వంట చూసే ‘సెమ్మ’ రెస్టారెంటుకు 2022లో మిషెలిన్ స్టార్ వచ్చింది. ఆ నత్తల కూర అక్కడి మెనూలోకి ఎక్కింది. 2025లో ఆయనకు జేమ్స్ బియర్డ్ అవార్డు కూడా దక్కింది.

చెఫ్ కావాలనుకునే కుర్రకారుకు ఈ స్టార్ పెద్ద కల. టైర్లు తయారుచేసే మిషెలిన్ సోదరులు 1900లో ఫ్రాన్స్‌లో కార్ల యజమానుల కోసం తెచ్చిన చిన్న గైడే దీనికి మూలం. స్టార్లు 1926లో మొదలయ్యాయి. ఒకటి వస్తే దారిలో ఆగి తినదగ్గ చోటు, రెండైతే దారి మళ్లి వెళ్లదగ్గది, మూడైతే అక్కడ తినడానికే ప్రయాణం కట్టవచ్చు. ఇన్‌స్పెక్టర్లు తామెవరో చెప్పరు, బిల్లు తామే కడతారు. చూసేవి ఐదు: సరుకు నాణ్యత, పనితనం, రుచుల పొందిక, వంటలో చెఫ్ ముద్ర, ఎప్పుడు తిన్నా అదే స్థాయి.

ఈ ఐదోదే అసలు పరీక్ష. స్టార్ దక్కేది చెఫ్‌కు కాదు, రెస్టారెంటుకు. స్థాయి తగ్గితే వెనక్కి తీసుకుంటారు కూడా. అందుకే కామీగా, అంటే వంటగదిలో తొలి మెట్టు ఉద్యోగిగా, చేరిన కొత్త కుర్రాడు తరిగే ఉల్లిపాయకూ అంత విలువ. ముక్కలు ఒకే మందాన లేకపోతే సన్నవి మాడతాయి, లావువి పచ్చిగా మిగులుతాయి, గ్రేవీ చేదెక్కుతుంది. మొదట్లో ఎక్కువగా ఇలాంటి పనే. విసుగు పుట్టినా ఓర్చుకున్నవాళ్లకే చేయి తిరుగుతుంది.

మన దేశపు రెస్టారెంట్లకు మిషెలిన్ గైడ్ ఇంకా రాలేదు. మనవాళ్లు బయటే గెలిచారు: 2001లో లండన్‌లో వినీత్ భాటియా, అతుల్ కొచ్చర్, 2018లో బ్యాంకాక్‌లో గరిమా అరోరా. 2025లో దుబాయ్‌లోని ‘ట్రెసిండ్ స్టూడియో’ మూడు స్టార్లు అందుకున్న తొలి భారతీయ రెస్టారెంటు అయింది.

ఫ్రెంచి సాసులు కాలేజీలో నేర్పుతారు. ఉలవచారు, గోంగూర మాంసం, సర్వపిండి కొలతలు మాత్రం ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఇప్పుడే రాసుకోండి. చెఫ్ ముద్ర పుట్టేది అక్కడే. ఇక కాలేజీ చదువుకైతే, హైదరాబాద్ ఐహెచ్‌ఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్) లాంటి సంస్థల్లో డిగ్రీ సీటుకు ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరే, ఇంగ్లిష్ ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు.