నెగెటివ్ మీద గీత: ఎక్కడ పడింది, ఎలా పడింది?

పాత సినిమా చూస్తుంటే తెర మీద వాన కురుస్తున్నట్టు నిలువు గీతలు కనిపిస్తాయి. కొన్ని తెల్లగా, కొన్ని నల్లగా ఉంటాయి. దెబ్బ ఫిల్ములో ఏ పొరకు తగిలిందో ఆ రంగే చెబుతుంది. పెట్టెలో దాచుకున్న తాతయ్య పెళ్లి ఫోటో నెగెటివ్‌కైనా ఇదే సూత్రం. కారణం తెలుసుకోకుండా గట్టిగా తుడిస్తే, మిగిలిన ఆ ఒక్క బొమ్మా పాడవుతుంది.

రెండు పొరలు

ఫిల్ములో ముఖ్యమైనవి రెండు పొరలు. ఒకటి పారదర్శకమైన ప్లాస్టిక్ బేస్. దాని మీద జెలటిన్‌తో చేసిన పలుచని పూత ఎమల్షన్. నలుపు తెలుపు నెగెటివ్‌లో బొమ్మ ఈ పూతలోని వెండి రేణువులదే. మెరిసే వైపు బేస్, మసకగా ఉండే వైపు ఎమల్షన్. బొమ్మలో దుకాణం బోర్డు ఉంటే గుర్తుపట్టడం ఇంకా సులువు: అక్షరాలు సరిగ్గా చదవగలిగితే మన వైపు ఉన్నది బేస్.

తెల్ల గీత, నల్ల గీత

బేస్ గీసుకుపోతే అక్కడ కాంతి వంగి పక్కలకు చెదురుతుంది. ప్రింటు కాగితానికి ఆ చోట కాంతి తక్కువ అందుతుంది కాబట్టి గీత తెల్లగా వస్తుంది. ఎమల్షన్ గీరుకుపోతే వెండి ఊడిపోతుంది, కాంతి ఎక్కువగా దూరుతుంది, గీత నల్లగా వస్తుంది. సినిమాలో గీత నెగెటివ్ మీద కాక ప్రదర్శించే ప్రింటు మీదే పడితే ఈ రంగులు తారుమారవుతాయి.

మూడో రకం కూడా ఉంది. డెవలప్ చేయకముందు ఫిల్ము నలిగినా, ఒత్తిడికి గురైనా, కాంతి తగలకుండానే అక్కడ నల్లటి మచ్చ ఏర్పడవచ్చు. రీలుకు చుట్టేటప్పుడు మడత పడితే అది నెలవంక ఆకారంలో కనిపిస్తుంది.

కెమెరాలోనా, ల్యాబ్‌లోనా?

ఫిల్ము అంచుకు సమాంతరంగా, ఫ్రేముల మధ్య ఖాళీలను కూడా దాటుతూ గీత సాగితే, ఫిల్ము కదులుతుండగా ఏదో ఇసుక రేణువు ఒకేచోట రాసుకుందని అర్థం. అదే కెమెరాలో వాడిన తర్వాతి రోల్‌లోనూ అదే ఎత్తులో గీత ఉంటే అనుమానం కెమెరా మీదికి పోతుంది. వేర్వేరు కెమెరాల రోల్స్‌లో ఒకేలా కనిపిస్తే ల్యాబ్‌ను చూడాలి. అడ్డదిడ్డంగా ఉన్న పొట్టి గీతలు ఎక్కువగా చేతి వాడకంలో పడినవే. తడిసిన జెలటిన్ ఉబ్బి మెత్తబడుతుంది కనుక అప్పుడు తుడవడం మరీ ప్రమాదం.

బాగు చేయవచ్చా?

నూనె రాసిన కాగితం గుండా వెలుగు కనిపిస్తుంది. పీచుల మధ్య గాలి ఉన్న చోట నూనె చేరడమే కారణం. బేస్ మీది గీతకూ ఇదే ఉపాయం. ప్లాస్టిక్‌కు దగ్గరి వక్రీభవన గుణకం ఉన్న ద్రవంలో ఫిల్మును తడిపి ప్రింటు తీస్తే గాడి నిండిపోయి గీత దాదాపు మాయమవుతుంది. దీన్నే వెట్ గేట్ పద్ధతి అంటారు. ఎమల్షన్‌తో పాటు ఊడిపోయిన బొమ్మను మాత్రం ఏ ద్రవమూ తిరిగి తేలేదు.

స్కానర్లలోని పరారుణ శుద్ధి రంగుల ఫిల్ముకు పనిచేస్తుంది, ఎందుకంటే ఆ రంగులు పరారుణ కిరణాలను అడ్డుకోవు. వెండి అడ్డుకుంటుంది. అందుకే నలుపు తెలుపు నెగెటివ్‌లో యంత్రం బొమ్మనే దుమ్ముగా పొరబడుతుంది.

ఇంట్లో చేయదగిన పరీక్ష ఒక్కటే: నెగెటివ్‌ను అంచులతో పట్టుకుని, ఏటవాలు వెలుగులో భూతద్దంతో రెండు వైపులా చూడాలి. ఏ వైపు గీత తళుక్కుమంటుందో గాయం ఆ వైపే.